జివ్వుమనని పన్ను బాగున్నట్టేనా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. అమ్మకు 66 ఏళ్ళు. ఇదివరకు చన్నీళ్ళు తగిలితే పళ్ళు జివ్వుమనేవి, ఇప్పుడు ఐసు పెట్టినా ఏమీ లేదంటోంది. ఎక్స్‌రేలో ఒక దవడ పన్ను లోపలి గది పూడిపోయిందన్నారు. మా ఊరి ఫ్లోరైడు నీళ్ళ వల్లేనా? రూట్ కెనాల్ చేయించాలా?

జవాబు: ఇది చాలావరకు వయసు చేసే పని. మీ వైపు ఫ్లోరైడు పాత బాధే. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోని ఈ జబ్బు గురించి వైద్యులు రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే. కానీ ఫ్లోరైడు పంటి మీద మచ్చ వేసేది చిగురు లోపల ఎనామెల్, అంటే పంటి పై గట్టి పొర, తయారయ్యేటప్పుడు, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు. పన్ను పైకొచ్చాక ఎనామెల్‌లో ప్రాణమున్న కణం ఒక్కటీ మిగలదు.

ప్రాణమంతా లోపలి గుజ్జులోనే, అంటే పల్ప్‌లో. దాని అంచున వరసగా నిలబడి డెంటిన్‌ను, అంటే ఎనామెల్ కింది గట్టి పొరను, కట్టే కణాలు ఓడొంటోబ్లాస్టులు. ఇవి మళ్ళీ విభజన చెందవు, పన్నుతోనే ముసలివవుతాయి. లోపల లైపోఫ్యూసిన్ అనే గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. అయినా పని మానవు. బతికున్నన్నాళ్ళూ లోపలివైపు సన్నగా డెంటిన్ పూస్తూనే ఉంటాయి, గది ఇరుకవుతుంది. గుజ్జులో రక్తనాళాలు, నరాలు తగ్గి పీచు పెరుగుతుంది. డెంటిన్‌లోని సన్నటి గొట్టాలు ఖనిజంతో మూసుకుపోతాయి. జివ్వుమనడం తగ్గేది ఇందుకే. వయసు మళ్ళినవాళ్ళకు పీకిన పంటి వేరును వెలుతురుకు ఎత్తి చూడండి, కొన గాజులా మెరుస్తుంది.

గది పూడినంత మాత్రాన రూట్ కెనాల్ అక్కర్లేదు. పుచ్చు గుజ్జు దాకా దిగినా, వేరు కొన దగ్గర ఎక్స్‌రేలో నల్లగా కనిపించినా, చిగురు మీద చీము పొక్కు లేచినా అప్పుడు కావాలి. నొప్పి లేదని మాత్రం నమ్మొద్దు. ఈ వయసులో గుజ్జు చప్పుడు లేకుండా చచ్చిపోతుంది. ఆరు నెలలకోసారి చూపించండి.

చేయాల్సి వస్తే 8, 10 నంబరు సన్న ఫైళ్ళతో (వేరు లోపలి దారిని శుభ్రం చేసే సూదుల్లాంటి పనిముట్లు), ఖనిజాన్ని మెత్తబరిచే 17 శాతం ఈడీటీఏ ద్రావణంతో, భూతద్దం కింద నిదానంగా దారి వెతకాలి. తొందరపడి తోస్తే ఫైలు లోపలే విరుగుతుంది, లేదా పంటి అడుగున రంధ్రం పడుతుంది. రెండు మూడు సార్లు రమ్మంటే విసుక్కోకండి.

ఇటుకపొడి, బొగ్గుపొడితో రుద్దడం ఇవాళే మాన్పించండి, ఎనామెల్ అరిగిపోతుంది. మెత్తటి బ్రష్, బఠాణీ గింజంత ఫ్లోరైడు పేస్టు చాలు. ఉమ్మేస్తే పెద్దవాళ్ళకు మీ ఊళ్ళోనూ భయం లేదు. తాగే నీళ్ళ పరీక్ష మాత్రం ఇంట్లో పసిపిల్లలుంటే తప్పనిసరి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే వేరే నీళ్ళు చూడండి.