బాబుని మళ్లీ నాలుగే చదివించమంటారా?

మాది మెహదీపట్నం. అత్తమామలు, మరిది కుటుంబంతో కలిసే ఉంటున్నాం. మా బాబు, తోటికోడలి కూతురు ఒకే బడిలో నాలుగో తరగతి. ఆ పాపకి అన్నీ ఏ గ్రేడ్లే. మావాడు భాగాహారం అనగానే బిక్కచచ్చిపోతాడు. బోర్డు మీదవి తప్పులు ఎక్కించుకొస్తాడు. రోజూ రాత్రి పది దాకా కూర్చోబెడుతున్నా, చెల్లిని చూసి నేర్చుకోరా అంటే చెవికెక్కదు. మామయ్యగారితో రైతుబజారుకెళ్తే మాత్రం చిల్లర లెక్కలన్నీ చెప్పేస్తాడట. ఐదుకి తట్టుకోలేడు, ఇంకో ఏడాది నాలుగే చదివించమంటున్నారు బడివాళ్లు. మావారు ‘నీ ఇష్టం’ అంటున్నారు. పాప పైక్లాసుకెళ్లి వీడు ఇక్కడే ఉంటే తోటికోడలి ముందు ఎలా తలెత్తుకోను?
- ఓ తల్లి, హైదరాబాద్

అమ్మా, మీరడిగినదానికి జవాబు ఒక్క ముక్కే: ఐదుకే పంపండి. విద్యాహక్కు చట్టం ప్రకారం నాలుగులో పిల్లాణ్ణి ఆపే అధికారం బడికి లేదు. 2019 సవరణతో రాష్ట్రాలు ఆపదలుచుకున్నా ఐదు, ఎనిమిది తరగతుల్లోనే. అదీ ఫలితాలొచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాకే. ప్రిన్సిపాల్‌కి ఈ మాట మర్యాదగా, గట్టిగా చెప్పండి.

నాకు బాధ కలిగించింది వేరే. అరకిలో బెండకాయలకెంత, పావుకిలో పచ్చిమిర్చికెంత అని కట్టి, వంద నోటుకి ఎంత తిరిగి రావాలో చెప్పేవాడికి భాగాహారం రాదంటే నేనొప్పుకోను. సగం, పావు తీయడమంటే రెండుతో, నాలుగుతో భాగించడమేగా! తాతయ్య పక్కన వచ్చిన లెక్క అమ్మ పక్కన ఎందుకు పోతోంది? తాతయ్య దగ్గర చెల్లి ఊసు ఉండదు గనక.

మీకూ తోటికోడలికీ మధ్య ఏదో జరిగింది. మీరు రాయలేదు గానీ, చివరి ప్రశ్నలో అదే ఉంది. ఉమ్మడింట్లో పడ్డ మాట ఎన్నాళ్లు గుచ్చుకుంటుందో నాకు తెలుసు. మీకు అవమానం జరిగితే ఆవిడతోనే నోరు విప్పి తేల్చుకోండి, తప్పులేదు. ఎవరూ మాట పడి ఉండక్కర్లేదు. కానీ మీ పౌరుషానికి పిల్లాడి ప్రోగ్రెస్ కార్డు తాకట్టు పెట్టకండి. మీవారి ‘నీ ఇష్టం’ కూడా నాకు నచ్చలేదు. బిడ్డ ఇద్దరిదీ.

రాత్రి పది దాకా కూర్చోబెట్టడం ఇవాళే మానేయండి. బోర్డు మీదవి తప్పులు ఎక్కించుకొస్తున్నాడంటున్నారు గనక ముందు కళ్లు చూపించండి, సరోజినీదేవి కంటి ఆస్పత్రి మీకు దగ్గరే. ఎండాకాలం సెలవులు ఏడు వారాలు ఉంటాయి. పొద్దున్నే అరగంట, పాప ఎదురుగా లేనప్పుడు, లెక్కలు తాతయ్యనే చెప్పనివ్వండి. ఈలోగా క్లాసు టీచర్ని కలిసి, మార్కుల సంగతి వదిలేసి నోటుబుక్కు తెరిపించండి. ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నాడో చూపించమనండి. ఆ రోజు మీవారు ఆఫీసుకి సెలవు పెట్టి రావాలి. మామయ్యగారినీ తీసుకెళ్లండి, రైతుబజారు సంగతి టీచరుకి ఆయనే చెబుతారు.