కళ్లెలో రక్తం పడుతుంటే యాంజియో ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. పదేళ్ల కిందట టీబీ వచ్చి, మందులు పూర్తిగా వాడాక నయమైంది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ మిగిలింది. రెండు నెలలుగా కళ్లెలో రక్తం పడుతోంది. పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేసి టీబీ లేదన్నారు. సాదా సీటీ కూడా తీశారు. ఇప్పుడు రక్తనాళాలు అసహజంగా కలిసిపోయి ఉండవచ్చని, సీటీ యాంజియో తీయాలని అంటున్నారు. యాంజియో గుండెకు కదా చేసేది? ఇది నిజంగా అవసరమా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: అవసరమేనమ్మా. యాంజియో అంటే రక్తనాళాలను చూసే పరీక్ష. అవి గుండెవే కానక్కరలేదు.

ఊపిరితిత్తులకు రక్తం రెండు దారుల్లో వస్తుంది. ప్రాణవాయువు కోసం వచ్చే రక్తమంతా గుండె కుడిభాగం నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ప్రవహిస్తుంది. అందులో సగటు పీడనం సుమారు 15 మిల్లీమీటర్ల పాదరసమే. రెండో దారి, గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే బృహద్ధమని నుంచి చీలే సన్నని శ్వాసనాళ ధమనులది. గుండె పంపే రక్తంలో వీటి వాటా నూటికి ఒక వంతే అయినా, పీడనం మాత్రం చేతికి పట్టీ కట్టి చూసే బీపీకి దగ్గరగా ఉంటుంది. టీబీ మానినచోట శ్వాసనాళాలు వెడల్పై కళ్లె నిలిచిపోతుంది, వాపు ఆరదు, చిన్న పుపుస నాళాలు మూసుకుపోతాయి. ఆ లోటు తీర్చడానికి శ్వాసనాళ ధమనులు లావెక్కి, మెలికలు తిరిగి, మిగిలిన పుపుస నాళాలతో నేరుగా కలుస్తాయి. అప్పుడు పలుచని గోడలున్న నాళాల్లోకి ఎక్కువ పీడనంతో రక్తం చేరుతుంది. దగ్గో ఇన్ఫెక్షనో తోడైతే గోడ చిట్లుతుంది. ప్రాణం మీదికి తెచ్చేంతగా రక్తం పడే కేసుల్లో దాదాపు పదింట తొమ్మిదింటికి మూలం ఈ ధమనులే.

సాదా సీటీలో మచ్చ కనిపిస్తుంది గాని ఈ దారులు సరిగా తెలియవు. చేతి నరంలోకి, స్కాన్‌లో రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా చేసే అయోడిన్ మందు ఎక్కించి, అది బృహద్ధమనిలో నిండే క్షణానికి స్కాన్ చేస్తే ఏ ధమని ఎక్కడ పుట్టి ఎటు వెళ్తోందో తెలుస్తుంది. శ్వాసనాళ ధమని వెడల్పు 2 మిల్లీమీటర్లు మించితే అది లావెక్కినట్టే. ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోయినచోట పక్కటెముకల మధ్య నాళాలు, భుజం కిందివి, ఉదరవితానానివి (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండర పొర) కూడా లోపలికి చొచ్చుకొస్తాయి కనుక, స్కాన్ మెడ మొదలు నుంచి మూత్రపిండాల వరకు ఉండాలి. ఈ సంగతి ముందే అడగండి.

ఒక పొరపాటు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మందు పుపుస ధమనిలో ఉన్న క్షణంలోనే స్కాన్ తీస్తే, అప్పటికింకా మందు చేరని శ్వాసనాళ ధమని రక్తం ఈ దారిగుండా పుపుస ధమనిలోకి ఎదురు ప్రవహించి, అక్కడ రక్తపు గడ్డ ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. అది నిజమైన గడ్డ అనుకుని రక్తం పలుచన చేసే మందులిస్తే, రక్తం పడుతున్న మనిషికి ఎంత ప్రమాదమో ఆలోచించండి. అందుకే పాత ఎక్స్‌రేలు, టీబీ కాగితాలు తీసుకెళ్లి, రక్తం పడుతోందని రేడియాలజిస్టుకు మీరే చెప్పండి.

ఈ చిత్రాలే తరువాతి చికిత్సకు దారి చూపుతాయి. 1973లో ఫ్రాన్స్‌లో రెమీ అనే డాక్టరు మొదలుపెట్టిన ఎంబోలైజేషన్ పద్ధతిలో, తొడ మొదట్లోని ధమని గుండా సన్నని గొట్టం పంపి, లావెక్కిన ధమనిని చిన్న రేణువులతో మూస్తారు. రేణువులు మరీ చిన్నవైతే ఆ అసహజమైన దారిగుండా అవతలికి జారిపోతాయి. అందుకే సాధారణంగా 350–500 మైక్రాన్లవి వాడతారు. వెన్నుపాముకు రక్తం ఇచ్చే కొమ్మ అదే ధమని నుంచి పుడుతోందేమో ముందుగా చూసుకోవాలి, లేకపోతే కాళ్లు చచ్చుబడే ప్రమాదముంది. మచ్చ అలాగే ఉంటుంది కనుక కొందరికి మళ్లీ రక్తం పడవచ్చు.

స్కాన్‌కు ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, అయోడిన్ మందు పడకపోయినా డాక్టరుకు చెప్పండి. ఈలోగా ఒక్కసారిగా ఎక్కువ రక్తం పడితే, ఎడమ ఊపిరితిత్తిలోకి రక్తం దిగకుండా ఆయన్ను కుడిపక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయండి.