ఫార్వర్డ్ వచ్చిందంటే నమ్మేసే పిల్లలకు బడిలో ఏం నేర్పాలి?

మీ ప్రశ్న చదివాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతున్నారు, క్లాసులోకి డిజిటల్ ప్యానెల్ వచ్చింది, పిల్లలేమో వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో చూసిందల్లా నిజమనుకుంటున్నారు, టైంటేబుల్లో దీనికి పీరియడ్ లేదు, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. నేను పాలమూరు వైపు ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ టీచర్ని. కొన్నేళ్లుగా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఈ పని చేస్తున్నాను. ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మీరూ అక్కడే మొదలుపెట్టే అవకాశం ఉంది.

మొదటి ఏడాది నేను ‘ఫేక్ న్యూస్’ అనే మాటతో మొదలుపెట్టాను. ఒకదాని తర్వాత ఒకటి అబద్ధపు పోస్టులు చూపించి, ఇది ఎందుకు అబద్ధమో చెప్పుకుంటూ పోయాను. పిల్లలకు బాగా నచ్చింది. నెల తిరిగేసరికి ఏది చూపించినా ‘ఫేక్ మేడం’ అని క్లాసంతా అరిచేది. పాఠం బాగా ఎక్కిందనుకుని సంతోషపడ్డాను.

తర్వాత వానలు పట్టుకున్నాయి. గట్టిగా వాన పడిందంటే ‘రేపు బడులకు సెలవు’ అని కలెక్టర్ పేరుతో పాత ఉత్తర్వు ఒకటి తేదీ మార్చి తిరుగుతుంది. మీ దగ్గరా ఉండే ఉంటుంది. ఒక రాత్రి నిజంగానే సెలవు ప్రకటించారు. పొద్దున అటెండర్ ఫోన్ చేశాడు. మూడు కిలోమీటర్ల దూరంలోని తండా నుంచి నలుగురు పిల్లలు తడుచుకుంటూ వచ్చి వరండాలో నిలబడ్డారట. దారిలో వాగు ఉంది. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. తర్వాత అడిగితే వాళ్లలో ఒకడు, ‘మెసేజ్ వచ్చింది మేడం, సెలవు మెసేజ్‌లు ఫేకని మీరే చెప్పిండ్రు గదా’ అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. నేను పిల్లలకు అనుమానించడం నేర్పాను, తేల్చుకోవడం నేర్పలేదు. అన్నీ నమ్మే పిల్లవాడికి ఎంత ప్రమాదమో, ఏదీ నమ్మని పిల్లవాడికీ అంతే ప్రమాదం. అందుకే ఆ తర్వాత ఒక మాట మార్చాను. ‘ఇది నిజమా, అబద్ధమా’ అని క్లాసులో అడగడం మానేశాను. ‘ఇది ఎక్కడి నుంచి వచ్చింది, మనం ఎలా కనుక్కుందాం’ అని అడుగుతున్నాను. సెలవు మెసేజ్‌కైతే పిల్లలు వాళ్లే పద్ధతి పెట్టుకున్నారు. ఉత్తర్వు మీద తేదీ ఏముంది, ఏ జిల్లా పేరుంది చూస్తారు. అప్పటికీ తేలకపోతే క్లాస్ లీడర్ నాకు ఫోన్ చేసి మిగతావాళ్లకు చెబుతుంది. చిన్న విషయమే. కానీ తేల్చుకునే అలవాటు అక్కడే పడింది.

ఇక ప్యానెల్‌తో చేసే పాఠం. దీపావళి ముందు వారం ఇది చేయండి. ‘దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి నాసా తీసిన భారతదేశం’ అని ఏటా ఒక ఫోటో తిరుగుతుంది కదా, రంగురంగుల దీపాలతో మెరిసిపోతూ. దాన్ని పెద్దగా తెర మీద పెట్టి, ఏమీ చెప్పకుండా, ఏం కనిపిస్తోందో రాయమంటాను. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు అని రాస్తారు. దీపావళి ప్రమిదకు ఇన్ని రంగులు ఎందుకుంటాయని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చేదాకా ఓపిక పట్టండి, మీరు అడగొద్దు. అప్పుడు గూగుల్ లెన్స్‌లో (ఫోటో ఇస్తే అది నెట్‌లో ఇంకెక్కడుందో వెతికిపెట్టేది) ఆ ఫోటో పెట్టి వెతికిస్తాను. మౌస్ పిల్లల చేతిలోనే ఉండాలి.

దొరికేది ఇదీ. అది ఒక్క రాత్రి తీసిన ఫోటో కాదు. అమెరికా వాతావరణ సంస్థ నోవాలో పనిచేసిన క్రిస్ ఎల్విడ్జ్ అనే శాస్త్రవేత్త, ఉపగ్రహాలు చాలా ఏళ్లపాటు పంపిన సమాచారంతో 2003లో తయారుచేసిన చిత్రం. 1992కు ముందు నుంచే వెలుగుతున్న ఊళ్లు తెలుపు. 1992లో కొత్తగా కనిపించినవి నీలం, 1998లో కనిపించినవి ఆకుపచ్చ, 2003లో కనిపించినవి ఎరుపు. నాసా కూడా 2012 దీపావళికి, నవంబర్ 12 రాత్రి తీసిన అసలు ఫోటో పెట్టి ఈ సంగతి వివరించింది. అందులో మన దేశం మామూలు రాత్రిలాగే ఉంటుంది. దీపావళికి అదనంగా పెట్టే దీపాల వెలుగు అంత ఎత్తు నుంచి తేడా తెలిసేంత ఉండదు.

ఈ పాఠంలో నాకు నచ్చేది ఏమిటంటే, ఫోటో అబద్ధం కాదు, దాని కింద రాసిన మాట అబద్ధం. చాలా ఫార్వర్డ్‌ల సంగతి ఇంతే. ఎక్కడిదో నిజమైన ఫోటో, ఎప్పటిదో నిజమైన వీడియో, కింద మాత్రం వేరే ఊరు, వేరే తేదీ. ఎడిటింగ్ ఏమైనా ఉందా అని కళ్లు చికిలించి వెతికే పిల్లలకు ఇది కొత్త సంగతి. పైగా అదే చిత్రంతో పట్టణీకరణ పాఠం చెప్పుకోవచ్చు. ఎరుపు చుక్కలు ఎక్కడ ఎక్కువ, ఎందుకు ఎక్కువ అని అడిగితే ఆ రోజు సిలబస్ కూడా నడిచినట్టే.

వెబ్‌సైట్లను ఎలా పరీక్షించాలో చెప్పడానికి నేను వాడే పోలిక పెళ్లి సంబంధం. అబ్బాయి మంచివాడా కాదా అని అబ్బాయి ఇంట్లోవాళ్లనే అడుగుతామా? ఊళ్లో వాకబు చేస్తాం. పక్కింటివాళ్లను, పనిచేసే చోట, బంధువుల్లో నలుగురిని అడుగుతాం. సైటూ అంతే. ‘మా గురించి’ అని వాళ్లే రాసుకున్నది ఎంతసేపు చదివినా లాభం లేదు. ఇంకో ట్యాబ్ తెరిచి, ఆ సైటు గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూడాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. 10 మంది చరిత్రకారులు, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లు (వార్తల్లో నిజానిజాలు తేల్చడమే పనిగా ఉన్నవాళ్లు), అక్కడే చదివే 25 మంది విద్యార్థులు ఆన్‌లైన్ సమాచారాన్ని ఎలా తూకం వేస్తారో చూశారు. పెద్ద చదువులు చదివిన చరిత్రకారులు కూడా చాలామంది ఆ పేజీలోనే ఉండిపోయి, పైపై హంగులు చూసి మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం పేజీని వదిలి వెంటనే బయటికి వెళ్లి వాకబు చేశారు, తొందరగా సరైన చోటికి చేరారు. ఇది చెబితే మా పిల్లలకు ఎంతో ధైర్యం వస్తుంది. చదువు తక్కువైనంత మాత్రాన మోసపోవాలని లేదు, పద్ధతి తెలిస్తే చాలని అర్థమవుతుంది.

అయితే అసలు కష్టం తెర మీద లేదు, ఇంట్లో ఉంది. మెసేజ్ పంపేది ఎవరో ముక్కూమొహం తెలియనివాడు కాదు. నాయిన పంపుతాడు, మేనమామ పంపుతాడు, ఊరి గ్రూపులో పెద్దమనిషి పెడతాడు. ‘ఇది తప్పు మామా’ అని పద్నాలుగేళ్ల పిల్ల అందరి ముందూ అంటే ఆ ఇంట్లో ఏమవుతుంది? ఒకమ్మాయి అలాగే అని తిట్లు తిని వచ్చింది. ‘బడికి పంపితే పెద్దోళ్లకే నేర్పుతవా’ అన్నారట. అప్పటి నుంచి మాట తీరు కూడా క్లాసులో సాధన చేయిస్తున్నాను. ఇద్దరిని నిలబెట్టి ఒకరు మేనమామ, ఒకరు మేనకోడలు. గ్రూపులో అనొద్దు, విడిగా చెప్పాలి. ‘మామా, నువ్వు పంపినవి చూసిన, గిది ఎవరు పంపిండ్రు నీకు? మా మేడం చూపించింది, ఇద్దరం కలిసి వెతుకుదామా?’ ఈ ఒక్క పీరియడ్ మిగతా పాఠాలన్నిటికన్నా ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం. దీన్ని వదలొద్దండి.

దీని విలువ మా వైపు జనానికి బాగా తెలుసు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు వచ్చినప్పుడు ఊళ్లు వణికిపోయాయి. దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. అప్పట్లో గద్వాల, వనపర్తి వైపు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరికో కానిస్టేబుల్‌ను పంపించి, డప్పు పట్టించి, పాటలు పాడించి, ఇంటింటికీ వెళ్లి చెప్పించారు. ఫోన్లో వచ్చిన భయాన్ని పోగొట్టడానికి ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషి కావాల్సి వచ్చింది. అదే ఏడాది జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి అయిదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. ‘ఫార్వర్డెడ్’ అనే గుర్తు వచ్చింది కూడా అప్పుడే. రెండు బాణాల గుర్తు ఆ తర్వాత వచ్చింది, మెసేజ్ పైన అది కనిపిస్తే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. ఆ గుర్తు రోజూ చూస్తారు గానీ, అదేమిటో మా క్లాసులో ఒక్కరికీ తెలియదు.

ఉదాహరణలు ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. రాజకీయాలతో, మతంతో మొదలుపెట్టకండి. సాయంత్రానికి ఊళ్లో పంచాయితీ అవుతుంది, పాఠం పక్కకుపోతుంది. ముందు అందరూ కలిసి ఆశ్చర్యపోయేవి తీసుకోండి. 2016 నవంబర్లో కొత్త రెండు వేల నోటులో చిప్ ఉందని, భూమిలో 120 మీటర్ల లోతున దాచినా దొరుకుతుందని ప్రచారం జరిగింది. అప్పుడు మీరు నమ్మారా అని ఇంట్లో అడిగి రమ్మంటాను. పిల్లలు తలా ఒక కథతో వస్తారు. తల్లిదండ్రులు కూడా నవ్వుకుంటూ చెబుతారు. వాళ్లు పాఠంలో భాగమైతే మీ పని సగం తేలికవుతుంది.

ఇప్పుడు ఏఐ గురించి ఒక మాట. ఈ మధ్య పిల్లలు ప్రాజెక్టులన్నీ చాట్‌జీపీటీలో అడిగి రాసుకొస్తున్నారు. వద్దని తిట్టి లాభం లేదనిపించింది. ప్యానెల్ మీదే దాన్ని తెరిచి మా ఊరి చెరువు గురించి, గుడి గురించి, జాతర గురించి అడిగించాను. చక్కటి తెలుగులో, కొంచెం కూడా తడబడకుండా చెప్పింది. పిల్లలు ఒక్కో వాక్యానికీ ‘మేడం, గది కాదు’ అంటూ లేచారు. లేని నదిని పక్కన పారించింది, జాతర నెల మార్చేసింది. తమకు బాగా తెలిసిన విషయంలోనే తప్పులు కనిపించాయి కాబట్టి, తెలియని విషయంలో ఎన్ని ఉంటాయోనని వాళ్లకే భయం వేసింది. తర్వాత తెలుగు వికీపీడియాలో మా ఊరి పేజీ తెరిచి ‘చరిత్ర’ నొక్కితే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో వరుసగా కనిపించింది. ఒక వాక్యం వెనక మనిషి ఉన్నాడా, ఆధారం ఉందా అని అడగడం వాళ్లకు అక్కడ బాగా అర్థమైంది.

ఓటీపీలు, లింకుల సంగతి క్లుప్తంగా. మన పిల్లల ఇళ్లలో చాలామంది పెద్దలకు ఫోన్లో ఇంగ్లిష్ రాదు. మెసేజ్ చదివి పెట్టేది పిల్లలే. అంటే ఆ ఇంటి బ్యాంకు ఖాతాకు కాపలా ఎనిమిదో తరగతి పిల్లే. కాబట్టి ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలని నోట్‌బుక్ అట్ట మీద రాయించండి. ఫోటోలతో ఎవరైనా బెదిరిస్తే మీ తప్పేమీ లేదు, నా దగ్గరికి రండి అని అమ్మాయిలకు విడిగా, ఒకసారి కాదు, పదిసార్లు చెప్పండి.

పీరియడ్ లేదన్నారు. నాకూ లేదు. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు వర్కుకు మార్కులుంటాయి కదా, అందులోనే పెట్టాను. ఒక ఫార్వర్డ్ తీసుకుని, అది ఎక్కడ పుట్టిందో వెతికి, వెతికిన దారి అంతా రాయాలి. తేలకపోతే ‘తేలలేదు’ అని రాసినా పూర్తి మార్కులు ఇస్తాను. ఇది ముఖ్యం. లేకపోతే మార్కుల కోసం ఏదో ఒకటి తేల్చేస్తారు. మా హెచ్‌ఎం గారు మొదట ఒప్పుకోలేదు. పిల్లలు రాసిన కాగితాలు చదివాక ఆయనే ప్రేయర్‌లో వారానికి అయిదు నిమిషాలు ఇచ్చారు.

చివరగా నెట్ గురించి. మా బడిలో ఇప్పటికీ నా ఫోన్ హాట్‌స్పాటే దిక్కు, అదీ కరెంటు ఉంటేనే. క్లాసుకు ముందు రాత్రే స్క్రీన్‌షాట్లు వరుసగా తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. దీపావళి పాఠానికి నేను వాడిన స్క్రీన్‌షాట్లు నా దగ్గరున్నాయి. కావాలంటే ఇక్కడే అడగండి, పంపిస్తాను.