ఏసీ వేయనివ్వరు, 40 లక్షలు మాత్రం ఒకే సహకార బ్యాంకులో

ప్రశ్న: మేము హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఉంటాం. మావారికి 62 ఏళ్లు, నాకు 57. ఆయన జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో జనరల్ మేనేజరుగా చేసి రెండేళ్ల క్రితం రిటైరయ్యారు. పింఛను లేదు. సొంత ఇల్లు కాక రెండు ఫ్లాట్లు ఉన్నాయి, వాటి మీద నెలకు 52,000 అద్దె వస్తుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్లు 1.6 కోట్లు, అన్నీ ఆయన పేరు మీదే. షాద్‌నగర్ దగ్గర ఒక ప్లాటు ఉంది. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు, అప్పులు లేవు. అయినా నెల ఖర్చు 50,000 దాటితే ఆయనకు నిద్ర పట్టదు. పడకగదిలో ఏసీ ఉన్నా మే నెలలో కూడా వేయనివ్వరు. ఎర్రగడ్డ రైతు బజారు నుంచి సంచులు మోసుకుంటూ నడిచే వస్తాం. పప్పులు, చింతపండు ఏడాదికోసారి బేగంబజారులో కొంటాం. కారు 2013 నాటిది. నా మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెప్పి ఏడాదైంది. ‘చూద్దాం’ అంటారు. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే ఆగిపోయింది, మళ్లీ తీసుకోలేదు. పనమ్మాయికి నాలుగేళ్లుగా 2,500 రూపాయలే ఇస్తున్నాం. అర శాతం వడ్డీ ఎక్కువని 40 లక్షలు ఒక సహకార బ్యాంకులో వేశారు, 7.5 శాతం వస్తోంది. పిల్లికి బిచ్చం పెట్టరని బంధువులు వెనక అనుకుంటారు. కానీ తమ్ముడి పిల్లల ఇంజినీరింగ్ ఫీజులు కట్టింది ఈయనే. మేము నిజంగా ఎంత ఖర్చు పెట్టుకోవచ్చు? లేక నేనే దుబారా మనిషినా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ రెండో ప్రశ్నకు. నెలకు 50,000తో సంసారం నడుపుతూ, అరిగిన మోకాళ్లతో కూరగాయల సంచి మోస్తున్న మనిషిని దుబారా మనిషి అని ఎవరూ అనలేరు. మీరు కూడా అలా అనుకోకండి.

ఇక లెక్క. 1.6 కోట్ల మీద సగటున 7 శాతం వేసుకున్నా ఏడాదికి 11.2 లక్షల వడ్డీ. అద్దె 6.24 లక్షలు. మొత్తం 17.44 లక్షలు. అద్దెలో 30 శాతం మినహాయింపు పోతుంది కాబట్టి పన్ను పడే ఆదాయం సుమారు 15.57 లక్షలు. 2025-26 నాటి ఆదాయపు పన్ను కొత్త విధానం శ్లాబుల ప్రకారం సెస్సుతో కలిపి పన్ను దాదాపు 1.18 లక్షలు. ఫ్లాట్ల మరమ్మతులకు, అద్దెకున్నవారు మారినప్పుడు ఖాళీగా ఉండే నెలలకు మరో 1.25 లక్షలు పక్కన పెట్టినా చేతికి 15 లక్షలు వస్తాయి. మీ ఖర్చు 6 లక్షలు. అంటే అసలు సొమ్ము ముట్టకుండానే ఏటా 9 లక్షలు మిగులుతున్నాయి.

అలాగని 15 లక్షలూ ఖర్చు పెట్టేయమని చెప్పను. మీవారి భయానికి ఆధారం ఉంది. పింఛను లేదు, డిపాజిట్ల వడ్డీ ధరలతో పాటు పెరగదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లలో ఇంటి ఖర్చు రెట్టింపవుతుంది. అప్పటికి మీకు 69 ఏళ్లే. ఇవన్నీ చూసుకుని చెబుతున్నాను: ఆరోగ్య బీమా ప్రీమియంతో సహా నెలకు 90,000 వరకు మీరు నిశ్చింతగా ఖర్చు పెట్టుకోవచ్చు. అప్పటికీ ఏడాదికి 4 లక్షల పైన మిగులుతుంది. అందులో సగాన్నయినా నిఫ్టీ ఇండెక్స్ ఫండులో, అంటే దేశంలోని 50 పెద్ద కంపెనీల షేర్లలో డబ్బు పెట్టే ఫండులో, నెలనెలా వేయండి. కనీసం ఏడెనిమిదేళ్లు దాని జోలికి వెళ్లకూడదు.

ఈ జవాబు మీవారు కూడా చదువుతారనుకుని రాస్తున్నాను. ఆయన పద్ధతుల్లో చాలావాటిని నేను సమర్థిస్తాను. రైతు బజారులో బోర్డు మీద రాసిన ధరకు తాజా కూరగాయలు దొరుకుతుంటే వేరేచోట ఎక్కువ పెట్టి కొనడం దేనికి? బేగంబజారు పప్పులూ అంతే. వారానికి రెండుసార్లు తీసే కారును మార్చమని నేనూ చెప్పను. బ్రేకులు, టైర్లు సరిగ్గా చూసుకుంటూ నడపండి. జీహెచ్‌ఎంసీ ఆస్తిపన్ను ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం రాయితీ ఇస్తోంది, మూడు ఇళ్లకూ అది వదులుకోకండి. రెండు ఫ్లాట్లు, కోటిన్నర పైన డిపాజిట్లు ఇలాంటి క్రమశిక్షణ వల్లే వచ్చాయి. దాన్ని పిసినారితనం అంటున్న బంధువుల మాట పట్టించుకోనక్కర లేదు.

నా అభ్యంతరం వేరు. ఇంట్లో పొదుపంతా మీ ఒంటి మీద, పనమ్మాయి జీతం మీద జరుగుతోంది. పెద్ద మొత్తాల దగ్గర మాత్రం ఆ జాగ్రత్త కనిపించడం లేదు.

ఏసీ సంగతే తీసుకోండి. రాత్రికి ఆరు గంటలు వేస్తే, పాత మోడలైనా, 8 యూనిట్లు కాలుతుందనుకుందాం. ఏప్రిల్, మే కలిపి 60 రాత్రులకు 480 యూనిట్లు. యూనిట్‌కు 9 రూపాయలు వేసినా 4,320 రూపాయలు. ఇప్పుడు సహకార బ్యాంకు వైపు చూడండి. 40 లక్షల మీద అర శాతం అంటే ఏడాదికి 20,000 రూపాయలు ఎక్కువ. బ్యాంకు మూతపడితే డిపాజిట్ బీమా ఒక్కో ఖాతాదారుడికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే ఇస్తుంది. 2020 ఫిబ్రవరి నుంచి ఉన్న పరిమితి అది. ఎన్ని రశీదులుగా విడగొట్టినా ఒకే పేరు మీద ఉంటే అంతే. ఏడాదికి 20,000 కోసం 35 లక్షలను బీమా లేకుండా వదిలిన మనిషి, 4,320 కోసం మిమ్మల్ని మే నెల రాత్రుల్లో ఉక్కపోతలో పడుకోబెడుతున్నారు. ఆయన మిమ్మల్ని బాధపెట్టాలని చేయడం లేదు, ఈ రెండు అంకెలనూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, అంతే.

పైగా ఆ రిస్కు అవసరమే లేదు. 60 దాటినవారికి పోస్టాఫీసుల్లో, బ్యాంకుల్లో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. ఐదేళ్ల గడువు, గరిష్ఠంగా 30 లక్షలు, వడ్డీ 8.2 శాతం, కేంద్ర ప్రభుత్వ పూచీ. ఆయన పేరు మీద 30 లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 61,500 చేతికొస్తుంది. సహకార బ్యాంకు 7.5 కన్నా ఇదే ఎక్కువ. మిగతాదంతా, ఆ బ్యాంకులో 5 లక్షలకు మించకుండా చూసుకుని, ఏదైనా పెద్ద ప్రభుత్వరంగ బ్యాంకులోకి మార్చండి. గడువుకు ఆరు నెలల లోపే ఉన్న రశీదులను ఆగి తీసుకోండి. అంతకన్నా దూరం ఉన్నవాటిని జరిమానా కట్టయినా ఇప్పుడే తీయడం మంచిది. పన్ను తగ్గుతుందని మీ పేరుకు మాత్రం మార్చకండి. భర్త ఇచ్చిన డబ్బు మీద భార్యకు వచ్చే వడ్డీని మళ్లీ భర్త ఆదాయంలోనే కలుపుతారు.

ఆపరేషన్ ఇక వాయిదా వేయకండి. ఇప్పుడు బీమా తీసుకున్నా కీళ్ల మార్పిడికి సాధారణంగా రెండు మూడేళ్లు ఆగాలి కాబట్టి ఈ ఖర్చు సొంత డబ్బుతోనే. ఒక్క ఏడాది మిగులే దానికి సరిపోవాలి. రెండు మూడు ఆస్పత్రుల్లో రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. అందులో కృత్రిమ కీలు ధర, గది, సర్జన్ ఫీజు, ఫిజియోథెరపీ విడివిడిగా రాయించండి. మోకాలి కీళ్ల ధరలకు కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ పరిమితి పెట్టింది, కాబట్టి ఆ పద్దును ప్రత్యేకంగా అడగడం మీ హక్కు. బేరం ఆడే నేర్పు మీవారికి ఉంది, ఇక్కడ వాడమనండి. ఫిజియోథెరపీ రోజుల్లో ఇంట్లో వంటకు ఒక మనిషిని పెట్టుకోండి, అది కూడా వైద్యంలో భాగమే. ఈలోగా రైతు బజారు నుంచి తిరుగు ప్రయాణం ఆటోలో, ఈ రోజు నుంచే.

ఆరోగ్య బీమా లేకపోవడం మీ ఇంట్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టిన విషయం. ఒక గుండె ఆపరేషన్, ఒక నెల ఐసీయూ చాలు, ఇన్నేళ్లు కూడబెట్టినదాంట్లో పెద్ద ముక్క పోవడానికి. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వకపోవడానికి వీలిచ్చిన పాత నిబంధనను బీమా నియంత్రణ సంస్థ 2024లో తీసేసింది. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఆగాల్సిన కాలాన్ని కూడా గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించింది. వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. ఇద్దరికీ కలిపి 10 లక్షల పాలసీ, దాని మీద సూపర్ టాప్-అప్ (ఏడాదిలో ఆస్పత్రి బిల్లులు ఒక పరిమితి దాటితే ఆ పైదాన్ని భరించే అదనపు పాలసీ) తీసుకోండి. బీపీ, షుగరు, మీ మోకాళ్లు, ఏదీ దాచకుండా ఫారంలో రాయండి. దాస్తే క్లెయిము దగ్గర దొరికిపోతారు. ప్రీమియం కోసం ఏడాదికి 80,000 వరకు పక్కన పెట్టుకోండి. ఆ వయసులో అది ఎక్కువేమీ కాదు.

పనమ్మాయి జీతం వచ్చే నెల నుంచి కనీసం 3,500 చేయండి. నాలుగేళ్లలో బియ్యం, నూనె, ఇంటి అద్దె ఆమెకూ పెరిగాయి. ఇది ఏడాదికి 12,000, సీనియర్ సిటిజన్ స్కీములోకి మారడం వల్ల అదనంగా వచ్చే వడ్డీలోంచే సరిపోతుంది. ఇది ఆమెకు రావలసిన డబ్బు. ఇచ్చేటప్పుడు దయ చూపిస్తున్నట్టు ఇవ్వకండి.

షాద్‌నగర్ ప్లాటును ఇప్పుడు కదపనక్కర లేదు. హద్దురాళ్లు, కంచె ఉన్నాయో లేదో ఏడాదికోసారి వెళ్లి చూసి ఫొటోలు తీసుకురండి.

డిపాజిట్లన్నిటికీ నామినీ ఎవరో ఈ వారంలోనే చూడండి. 2025 నవంబరు నుంచి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు, మీ పేరు అన్నిటిలోనూ ఉండాలి. వీలైనవాటిని జాయింట్ ఖాతాలుగా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్పించండి. రశీదులన్నీ ముందేసుకుని బ్యాంకు పేరు, మొత్తం, వడ్డీ రేటు, గడువు తేదీ ఒక కాగితం మీద మీరిద్దరూ కలిసి రాయండి. ఆ జాబితా నాకు పంపితే ఏది ముందు తీయాలో, ఏది గడువు దాకా ఉంచాలో వరసగా చెబుతాను.