ఫ్యూజు నిలవని సబ్‌వూఫర్ ఆంప్లిఫయరు

పర్లాకిమిడిలో మీరు టీడీఏ7294 అనే ఆంప్లిఫయరు ఐసీతో సొంతంగా కట్టుకున్న సబ్‌వూఫర్ (లోతైన శబ్దాల స్పీకరు) ఆంప్లిఫయరు పిడుగుల రాత్రి తరువాత మూగబోయిందనీ, ఫ్యూజు మార్చిన ప్రతిసారీ కాలిపోతున్నదనీ రాశారు. దయచేసి ఇంకొక ఫ్యూజు వేయకండి; పెద్దది అసలే వద్దు.

ముందుగా ప్లగ్గు తీసి, ఫిల్టరు కెపాసిటర్లలో మిగిలిన ఛార్జిని రెసిస్టరుతో ఖాళీ చేసి, స్పీకరును విప్పి, మెయిన్స్ ఫేజు తీగలో 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బును సిరీస్‌లో కలిపిన తరువాతే కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారకుండా అలాగే వెలుగుతుంటే ఎక్కడో షార్టు ఉన్నట్టే. ఐసీ బోర్డుకు వెళ్లే సప్లై తీగలు విప్పినా వెలుగుతుంటే ట్రాన్స్‌ఫార్మరును, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయరును, కెపాసిటర్లను అనుమానించాలి. ఆరిపోతే దోషం బోర్డులోనే ఉంది. ఈ ఐసీ వెనుక పలక మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది కనుక, కింద కరెంటును అడ్డుకునే అభ్రకపు పొర చిరిగి, ఆ పలక గ్రౌండుకు కలిపిన హీట్‌సింకును (వేడిని లాగే లోహపు దిమ్మెను) తాకినా ఇదే జరుగుతుంది; నేనైతే ఐసీ మార్చేముందు దాన్నే చూస్తాను.

మరమ్మతు అయ్యాక ఐసీ అవుట్‌పుట్ అయిన 14వ కాలు వద్ద డీసీ వోల్టేజి దాదాపు సున్నా ఉంటేనే స్పీకరు కలపండి.