సమాధానం: వానకీ డెంగీ కేసులకీ లింకు కనపడట్లేదంటే

చెన్నై వర్షం, డెంగీ కేసులు వారం వారం పక్కన పెట్టి చూస్తే సంబంధమే లేదు, గైడ్ టాపిక్ మార్చమంటున్నారు అన్నారు కదా, మార్చొద్దండి ప్లీజ్. మీరు ఈ వారం వానని ఈ వారం కేసులతోనే పోలుస్తున్నారు, తేడా అక్కడే వస్తోంది. నీళ్ళు నిలిచాక గుడ్డు దోమ అవ్వడానికే 8-10 రోజులు, అది పేషెంట్‌ని కుట్టాక వైరస్ దాన్లో పెరిగి ఇంకొకళ్ళకి అంటించడానికి మరో 8-12, ఆ మనిషికి జ్వరం రావడానికి 4-10, ఆపైన టెస్టూ రిపోర్టూ ఆలస్యం. అందుకే 3 వారాల నుంచి 12 వారాల దాకా లాగ్ (వానకీ కేసులకీ మధ్య ఎడం) ఇచ్చి చూడండి. కేసుకి రిపోర్టు తేదీ కాదు, జ్వరం మొదలైన తేదీ తీసుకోండి, ఇది మాత్రం తప్పనిసరి, ఎన్‌ఎస్‌1 (రక్తంలో వైరస్ ప్రోటీన్) మొదటి 5 రోజుల్లో దొరుకుతుంది, ఐజీఎమ్ (శరీరం తయారుచేసే యాంటీబాడీ) ఆ తర్వాత, టెస్టు తేదీ వాడితే ఈ రెండు రకాల కేసులూ కలిసిపోతాయి. ఇంకోటి, మన చెన్నైలో ఎండాకాలం లారీ నీళ్ళు డ్రముల్లో పట్టి పెట్టుకుంటాం, డెంగీ దోమ ఈడిస్‌కి అది చాలు, వాన అక్కర్లేదు, పైగా అక్టోబర్-డిసెంబర్ కుండపోతకి లార్వా కొట్టుకుపోతుంది కూడా. కాబట్టి వాన ఎంత పెరిగితే కేసులంత అని సరళరేఖ గీయకండి, టెంపరేచర్ కూడా కలపండి. కేసుల సంఖ్యకి వాడే పాయిసాన్ మోడల్‌లో వేరియన్స్ (కేసుల హెచ్చుతగ్గుల కొలత) సగటు కంటే బాగా ఎక్కువుంటే, ఆ తేడాని తట్టుకునే నెగటివ్ బైనామియల్ మోడల్‌కి మారండి. లాగ్ టేబుల్ వచ్చాక ఇక్కడ పెట్టండి, తప్పకుండా చూస్తాను.