‘నైస్’ అంటే మంచి ఒక్కటే కాదు

‘నైస్ డిస్టింక్షన్’ని మీ అమ్మాయి ‘మంచి తేడా’ అని రాస్తే మార్కు పోయిందన్నారు కదండీ. అక్కడ నైస్ అంటే సూక్ష్మమైన, సన్నని అని. ‘సూక్ష్మ భేదం’ అని రాయాల్సింది.

మన విశాఖ పూర్ణా మార్కెట్ వైపు ఏ పిండిమరకెళ్లినా ‘నైస్‌గా పట్టమంటారా, బరకగానా?’ అనే అడుగుతారు. ఆ నైస్సే ఇది! పాపకి ఇలా చెప్పండి, ఇక మర్చిపోదు.

దీని పుట్టుక ఇంకా తమాషా. లాటిన్‌లో ‘నె’ అంటే కాదు, ‘స్కీరే’ అంటే తెలుసుకోవడం. రెండూ కలిస్తే ‘నెస్కియుస్’, అంటే ఏమీ తెలియనివాడు. సైన్స్ అనే మాటకీ ఆ స్కీరేనే మూలం, చూడండి! ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు నైస్ అంటే తెలివితక్కువ. తర్వాత ప్రతిదానికీ వంక పెట్టే చాదస్తం, ఆపైన సూక్ష్మం, 18వ శతాబ్దానికి ‘బాగుంది’.

ఇలా అర్థం మారిన మాటలు మనకీ ఉన్నాయిలెండి. కంపు ఒకప్పుడు సువాసనే. సభికుడంటే సంస్కృతంలో జూదశాల నడిపేవాడు!

మార్కు మాత్రం టీచర్‌ని అడక్కండి. పోయింది పోయినట్టే.